రత్నంగారి ఆఖరి ఫిల్ము

మా ఆయన పోయారు. మార్గశిర మాసం, గురువారం, పగలు పదకొండు గంటల వేళ, మా స్టూడియోలో కస్టమర్లు కూర్చునే బల్ల మీద కూర్చుని, లెన్సు తుడిచే గుడ్డ చేతిలో ఉండగానే ప్రాణం విడిచారు. అప్పుడు నేను ఇంటి వెనక పాకలో పూతరేకులు తీస్తున్నాను. కుండ మీద వేసిన రేకు ఇంకా లేవనే లేదు, వీధిలో కేక వినబడింది. ముప్పై ఏళ్లలో నేను కుండ మీద రేకు మాడనిచ్చిన రోజు లేదు. ఆ రేకు మాడిందో, ఎవరైనా తీశారో, ఇప్పటికీ నాకు తెలియదు.

నేను సంతకం వరకే చదువుకున్నదాన్ని. ఇది నేను చెబుతుంటే మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే ఉమా టీచరుగారు రాస్తున్నారు. ఆవిడ మా ఆయన దగ్గర చుక్కల ఫొటోలు తీయడం నేర్చుకున్న శిష్యురాలు. "‘దివంగతులయ్యారు’ అని రాయనా అమ్మా?" అని అడిగారు. మంచి మాటే. అలాంటివి తర్వాత మీకు తోచిన చోట వేసుకోండి, మొదటి మాట మాత్రం పోయారు అనే ఉండనివ్వండి అన్నాను.

ఆయన పేరు వెంకటరత్నం. ఆత్రేయపురం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఫొటో రత్నంగారు. ఇది చదివేవాళ్లలో చాలామంది పెళ్లి ఆల్బం మీద మా స్టూడియో ముద్ర ఉంటుంది. మీ పెళ్లిళ్లలో బల్లెక్కి, కుర్చీ ఎక్కి, "అమ్మాయ్, కాస్త నవ్వమ్మా, మీ ఆయన ఇంకా ఏమీ అనలేదు కదా" అంటూ ఫొటోలు తీసిన ఆ మనిషే, ఇంటికొచ్చి చొక్కా మార్చుకుని, తన చేత్తో అరగదీసిన పదహారు అంగుళాల అద్దంతో ఆకాశాన్ని ఫొటో తీసేవారన్న సంగతి కొందరికే తెలుసు. మిగతావాళ్లకు తెలియాలనే ఇది చెబుతున్నాను.

ఆవేళ జరిగింది ముందు చెప్పాలి. ఆయన్ని ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. నా చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను. మా మరిది శేషగిరి పేపరుకి ఇవ్వడానికి, దండ వేయడానికి అన్నగారి ఫొటో కోసం ఇల్లంతా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. మా పెళ్లి ఫొటో ఎప్పుడో వరదలో నానిపోయింది. ఓటరు కార్డు మీద ఉన్నది తానో కాదో ఆయనకే అనుమానం. ఎప్పుడూ కెమెరా వెనకాలే ఉండే మనిషి, ముందుకు ఎప్పుడొచ్చారు గనక? "ఊరందరికీ ఫొటోలు తీసినోడికి ఒక్క ఫొటో లేకపోయిందే" అని ఎవరో అన్నారు. అంతలో శేషగిరికి అలమారలో కెమెరా కనిపించింది. "ఇందులో ఏమన్నా ఉందేమో" అంటూ వెనక మూత మీద బొటనవేలు పెట్టాడు.

నా ఏడుపు ఆగిపోయింది. "మూత తియ్యకు శేషూ!" అని అరిచాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఫిల్ముంది అందులో. పిల్లలకోడి ఉంది. వెలుగు తగిల్తే చచ్చిపోద్ది!"

"అయ్యో, సత్యవతికి మతి పోయిందర్రా" అంది నా పక్కనున్న పెద్దావిడ. "కెమెరాలో కోడేంటమ్మా, మంచినీళ్లు ఇవ్వండి ముందు."

నాకు మతి పోలేదు. అంత దుఃఖంలోనూ అదొక్కటే తిన్నగా పనిచేసింది. లేచి వెళ్లి కెమెరా లాక్కుని, తువ్వాల్లో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి, మళ్లీ వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను.

పిల్లలకోడి అంటే మీకు తెలుసు, పంచాంగంలో కృత్తికలు అంటారు. ఆకాశంలో గుప్పెడు చుక్కలు ఒకచోట ముడుచుకుని ఉంటాయి. ఆ చుక్కల చుట్టూ నీలిరంగు ధూళి, పొగలాగా అలుముకుని ఉంటుందట. ఉత్త కంటికి కనిపించదు. పెద్ద అద్దం పెట్టి, ఫిల్మును గంటసేపు తెరిచి ఉంచితే అప్పుడు మెల్లగా దిగుతుంది. ఆ నీలిపొగను మన గడ్డ మీద నుంచి, మన చేత్తో చేసిన అద్దంలో పట్టుకోవాలని ఆయన తొమ్మిదేళ్లు తపస్సు చేశారు. రెండుసార్లు పట్టలేకపోయాం. మూడోసారి తీసిన ఫిల్ము ఆ కెమెరాలో ఉంది. అందులో పొగ పడిందో లేదో చూడకుండా ఆయన వెళ్లిపోయారు. ఆ గంటసేపూ చుక్కను కదలకుండా పట్టుకున్నది ఆయన కాదు, నేను. పడకపోతే ఆ తప్పు నా చేతిది. కర్మ జరిగిన ఆ పన్నెండు రోజులూ నా గుండెలో ఉన్నది ఇదే.

అద్దం కాకినాడ నుంచి వచ్చింది. ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లి, పోర్టు దగ్గర పాతసామాన్ల కొట్లో ఓడ కిటికీ అద్దాలు రెండు చూశారు. రెండు వేళ్ల మందం, పదహారు అంగుళాల వెడల్పు. పెళ్లివారిచ్చిన స్వీట్ల పొట్లం బస్సులో మర్చిపోయి, అద్దాలు మాత్రం చెరో తొడ మీదా పెట్టుకుని ఇంటికి వచ్చారు.

"ఇదేంటండీ?"

"టెలిస్కోపు."

"ఎక్కడుందీ?"

"ఇందులోనే ఉంది. అరగదీస్తే బయటికొస్తుంది."

పాకలో ఒక డ్రమ్ము నిండా ఇసుక పోసి, దాని మీద ఒక అద్దం బిగించారు. పైన రెండో అద్దం. మధ్యన నీళ్లు, కరకర లాడే గరుకుపొడి. ముందుకు తోయడం, వెనక్కి లాగడం, డ్రమ్ము చుట్టూ ఒక అడుగు వేయడం. మళ్లీ తోయడం, లాగడం, అడుగు. అలా తోస్తూ ఉంటే పై అద్దం మధ్యలో పల్లమై గిన్నెలా దిగుతుంది. ఏడాదిన్నర పట్టింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "రత్నంగారు డ్రమ్ముకి ప్రదక్షిణాలు చేస్తున్నారు, ఏం మొక్కమ్మా?" అంది. పిల్లలు లేనివాళ్లం కదా, ఆ మాటలో ముల్లు ఎక్కడుందో నాకు తెలుసు. ఆయనే జవాబు చెప్పారు. "అద్దానికి పల్లం రావాలని మొక్కండీ. మీరూ నాలుగు చుట్లు తిరగండి, పుణ్యం." ఆవిడ నిజంగానే వచ్చి నాలుగు చుట్లు తిరిగింది. ఆ తర్వాత వెటకారం చేయలేదు. "ఆ అద్దంలో నా చెయ్యి కూడా ఉంది" అని ఊరంతా చెప్పుకుంది.

ఆయన గొప్పతనం అక్కడుంది. ఎగతాళి చేసినవాళ్ల చేతికి పని ఇచ్చేవారు.

నా చేతికీ ఇచ్చారు. పొడి రకరకాలుగా ఉంటుంది. గరుకుది అయ్యాక సన్నది, ఆపైన ఇంకా సన్నది. సన్నదాంట్లో ఒక్క గరుకు రేణువు కలిసినా అద్దం మీద గీత పడి నెలల కష్టం బూడిదవుతుంది. ఆయన గుడ్డతో వడగట్టి వడగట్టి విసిగిపోయారు. నేను చూసి, "గుడ్డెందుకండీ, పిండిలాగా తేర్చుకోవచ్చు కదా" అన్నాను. పూతరేకులకు బియ్యప్పిండి పల్చగా కలిపి కాసేపు ఉంచితే బరక అడుక్కి దిగుతుంది, పైతేట వంచుకుంటే వెన్నలాంటి పిండి వస్తుంది. ఆ పొడినీ అలాగే నీళ్లలో కలిపి, పైతేట వంచి ఇచ్చాను. ఆ రోజు నుంచి పొడి తేర్చడం నా వంతు. ఆ అద్దం మీద ఒక్క గీత లేదు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

పల్లం సరిగ్గా కుదిరిందో లేదో ధాన్యపు గదిలో చీకటి చేసుకుని, చిన్న దీపం, బ్లేడు పెట్టి చూసేవారు. ఒకనాడు నన్ను పిలిచి, "నీ బొటనవేలు అద్దం మీద ఓ నిమిషం ఆనించి తియ్యి" అన్నారు. ఆనించి తీశాను. "ఇప్పుడిక్కడ కన్ను పెట్టి చూడు." చూస్తే నా వేలు ఆనిన చోట అద్దం మీద కొండ లేచి ఉంది! నా వేలి వేడికి గాజు ఉబ్బిందట. చూస్తుండగానే ఆ కొండ చల్లారి నేలలో కలిసిపోయింది. "నీ వేడి తగిలితే రాయి కూడా పొంగుతుందే" అని నవ్వారు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటాక అన్న మాట అది. టీచరుగారూ, ఇది కూడా రాయండి, పరవాలేదు.

ఇక నా తప్పు గురించి. అద్దం అయిపోయాక దూరాన ఎక్కడికో పంపించి, దాని మీద వెండిలా మెరిసే అల్యూమినియం పూత వేయించుకొచ్చారు. ఆ పూతను ముట్టుకోకూడదు, దాని మీద ఊదకూడదు, తుడవకూడదు. ఆ ఏడు దసరాకి ఆయన ఆలమూరులో పెళ్లిచూపుల ఫొటోలకు వెళ్లారు. ఆయుధపూజ నాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టడం మా ఇంటి ఆచారం. రేకుల కుండకు పెట్టాను, కత్తిపీటకు, కెమెరాకు, సైకిలుకు పెట్టాను. అంత కష్టపడి చేసిన అద్దానికి పెట్టకపోతే ఎలా? గంధం తడిపి, నడిమధ్యన చక్కగా రూపాయి బిళ్ల కన్నా చిన్నదిగా కుంకుమబొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చి చూశారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. దూదితో, నీళ్లతో మెల్లగా తీస్తే కుంకుమ పోయింది గానీ, కుంకుమలోని సున్నం పూతను తినేసి ఆ మేరకు గుండ్రంగా మచ్చ మిగిలిపోయింది. నేను మూలన కూర్చున్నాను. ఆయన దారం తెచ్చి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కొలిచారు. మళ్లీ కొలిచారు. అప్పుడు నా వైపు తిరిగి, "సత్యవతీ, స్కేలు పెట్టి కొలిచావా?" అన్నారు.

"లేదండి. కంటితోనే."

"నూలుపోగు తేడా లేదు. సరిగ్గా మధ్యలో పెట్టావు."

టెలిస్కోపులో పెద్ద అద్దానికి ఎదురుగా పైన ఒక చిన్న ఏటవాలు అద్దం ఉంటుంది. దాని నీడ పెద్దద్దం నడిమధ్యనే పడుతుంది కనక అక్కడ మచ్చ ఉన్నా వెలుగుకు నష్టం లేదట. పైగా రెండు అద్దాలూ ఒకదానికొకటి తిన్నగా ఉన్నాయో లేవో చూసుకోవడానికి నడిమధ్యన గురుతు పెట్టుకోవాలట. ఆ గురుతు ఎలా పెట్టాలా అని ఆయన నెల రోజులుగా ఆలోచిస్తున్నారు. ఆ రోజు నుంచి టెలిస్కోపు బిగించిన ప్రతిసారీ ఆయన పై నుంచి కన్ను పెట్టి, "బొట్టు కుదిరింది" అన్నాకే పని మొదలుపెట్టేవారు. ఉమా టీచరుగారూ ఇప్పుడు ఆ మాటే అంటారు. సైన్సు పుస్తకాల్లో దానికేదో వేరే పేరు ఉంటుంది కాబోలు.

అంత పెద్ద అద్దమెందుకని అడిగినవాళ్లకు ఆయన ఇలా చెప్పేవారు: "వానలో చెంబు పెడితే చెంబుడు నీళ్లే పడతాయి. గంగాళం పెడితే గంగాళం నిండుతుంది. ఆ చుక్క వెలుగు వానే, సన్నటి వాన. అందుకని గంగాళం పెట్టాను, గంటసేపు పెట్టాను." ఇంతకన్నా బాగా ఎవరైనా చెప్పగలరేమో నాకు తెలియదు.

గంటసేపు పెట్టడంలోనే తంటా ఉంది. చుక్కలు ఒకచోట నిలవవు, పడమటికి జరుగుతూ ఉంటాయి. వాటితోపాటు టెలిస్కోపు కూడా జరగాలి. పాత ట్రాక్టరు ఇరుసు మీద దాన్ని నిలబెట్టి, టేపురికార్డరు మోటారు తగిలించారు. మన ఊరి కరెంటు మీకు తెలుసు కదా. ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా. మోటారు కూడా అలాగే నడిచేది. అందుకని పక్కన ఒక చిన్న టెలిస్కోపు బిగించి, అందులో సాలీడు దారంతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు పెట్టారు. ఆ గీతలు కలిసిన చోట ఒక చుక్కను నిలిపి, అది తొలగినప్పుడల్లా మరను వెంట్రుకవాసి తిప్పి మళ్లీ అక్కడికే తేవాలి. గంటసేపు. కన్ను తీయకుండా.

ఆయన చేతులు మాట్లాడే చేతులు. నిలకడ ఉండేది కాదు. తొలినాళ్ల ఫొటోల్లో చుక్కలన్నీ బియ్యపు గింజల్లా పొడుగ్గా వచ్చాయి. ఒకనాడు విసుగొచ్చి, నేను రేకులు తీస్తుంటే పాకలో పీట వేసుకుని కూర్చున్నారు. పిండిలో ముంచిన గుడ్డ బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగుతాను. ఆవిరి పోయేలోపు రేకు అంచు పట్టి లేపుతాను. చెయ్యి వణికితే చిరుగుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. చాలాసేపు చూశారు. ఆఖరికి, "ఏమే, నీకు చెయ్యి వణకదా?" అన్నారు.

"వణికితే మీకు అన్నమెవరు పెడతారు?"

ఆ సాయంత్రమే నన్ను ఆ చిన్న టెలిస్కోపు ముందు కూర్చోబెట్టారు. చదువు రానిదాన్ని, చుక్కల పేర్లు తెలియనిదాన్ని. కానీ గీతల మధ్యన చుక్కను నిలపడానికి చదువెందుకు? మొదటి రోజే గుండ్రటి చుక్కలు వచ్చాయి. ఆయన ఫొటో పట్టుకుని ఇల్లంతా గంతులేశారు. మంచు పడి కంటి దగ్గరి గాజు మసకబారుతుంటే, నడుంనొప్పికి కాపడం పెట్టుకునే ఉప్పుమూట వేడి చేసి పక్కన కట్టించాను. అదీ నా ఆలోచనే. పేపర్లలో "రత్నంగారు ఒంటరిగా" అని రాశారు. ఒంటరిగా కాదు. ఆయనే ఉండుంటే ముందు ఆ ముక్క కొట్టేయించేవారు.

ఇంకో సంగతి. ప్రతి ఫిల్ములోనూ మొదటి ఫొటో పగటి వెలుగులో నాది తీసేవారు. చేట పట్టుకుని, జడ వేసుకుంటూ, ఆవుకు కుడితి పెడుతూ, ఎలా ఉంటే అలా. కొన్నేళ్లు నేను అది నా మీద ఇష్టమనే అనుకుని లోలోపల మురిసిపోయాను. తర్వాత తెలిసింది. చుక్కల ఫిల్ము కడిగితే ల్యాబులో వాళ్ల కంటికి ఖాళీగా కనిపిస్తుందట. ఫొటో ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిందో తెలియక మధ్యకి కత్తిరించేస్తారట. మొదట ఒక మనిషి ఫొటో ఉంటే ఆ కొలతని బట్టి మిగతావి సరిగ్గా కోస్తారట.

"అయితే నేను కత్తెర గురుతునన్నమాట!" అని రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు అన్నారు: "గురుతు కోసమే అయితే గోడని తీసినా సరిపోతుంది కదే."

ఓడిపోయినవాటి విషయంలో ఆయన మరీ నిక్కచ్చి. పిల్లలకోడిని మొదటిసారి మా డాబా మీద నుంచే తీశాం. ఆ ఏడే పొలాలవతల గ్యాసు బావికి మంట పెట్టారు. తూర్పంతా నారింజ రంగు. ఫిల్ము కడిగితే ఆకాశం ఇటుకరాయిలా వచ్చింది. రెండోసారి ఆ వెలుగుకు దూరంగా జంగారెడ్డిగూడెం అవతల మా అక్కవాళ్ల జీడితోటకు వెళ్లాం. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, చీకటి చిక్కగా ఉంటుంది. ఆ రోజు సగంలో నాకు తుమ్ము వచ్చింది. చుక్క గీత దాటిపోయింది. గబుక్కున మళ్లీ తెచ్చి పెట్టి, ఆయనకు చెప్పకుండా ఊరుకున్నాను. కడిగాక చూస్తే ప్రతి చుక్కకూ తోక!

నేను ఒప్పుకున్నాను. ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "చుక్క జారితే తప్పు లేదు సత్యవతీ, ఎవరికైనా జారుతుంది. చెబితే మూత వేసి ఇంకోటి తీసేవాళ్లం. చెప్పకపోవడమే తప్పు." ఆ తోకల ఫొటోను పెద్దది చేయించి స్టూడియోలో తగిలించారు. బాగా వచ్చినవి ఆల్బంలో, రానివి గోడ మీద! "ఇదేంటి రత్నంగారూ, చుక్కలకు తోకలున్నాయి?" అని అడిగితే, "మా ఆవిడ తుమ్ము అండి, ఆకాశం దాకా వెళ్లింది" అనేవారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండుననిపిస్తోంది.

మూడోసారి మొన్న కార్తీకంలో వెళ్లాం. కార్తీక పున్నమికి చంద్రుడు పిల్లలకోడి పక్కనే కూర్చుంటాడు, కళ్లు జిగేలుమంటాయి, అందుకని అమావాస్యకు బయల్దేరాం. అద్దాన్ని నా ఒళ్లో పెట్టుకుని, అడుగున బొంత వేసి, వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాను. సాయంత్రం వెలుగుండగానే జీడితోటలో టెలిస్కోపు బిగించారు. "బొట్టు కుదిరింది" అన్నారు. కొత్త ఫిల్ము ఎక్కించి కెమెరా నా చేతిలో పెట్టారు.

"ఈసారి మొదటి ఫొటో నువ్వు తియ్యి."

"నాకు రాదండి బాబూ."

"గంటసేపు చుక్కని పట్టుకునేదానివి, నిమిషం మనిషిని పట్టుకోలేవా?"

టెలిస్కోపు పక్కన చెయ్యి వేసుకుని నిలబడ్డారు. నిలబడ్డవారు ఊరుకున్నారా? "మోచేతులు పక్కటెముకలకు ఆనించు. ఊపిరి బిగబట్టు. ఇప్పుడే కాదు, నేను చెప్పాక..." ఇంకా చెబుతుండగానే నొక్కేశాను.

"చెప్పకుండానే నొక్కేశావేంటి!"

"మీరు చెప్పడం ఆపితే కదా!"

"సర్లే, ల్యాబువాడి కత్తెరకి ఇది చాలు" అన్నారు.

చీకటి పడ్డాక నేను చుక్క ముందు కూర్చున్నాను. కోడి మొత్తం ఆ ఫిల్ములో పట్టదు, నడిమి చుక్కలు నాలుగే పడతాయి. ఒక గంట, ఆపైన ఇంకో గంట. పక్కన ఆయన వాచీ చూస్తూ నిమిషాలు చెబుతున్నారు. తుమ్ము రాలేదు. చుక్క జారలేదు. జారలేదనే నా నమ్మకం. కానీ కంటి నమ్మకం వేరు, ఫిల్ము సాక్ష్యం వేరు. ఇంటికొచ్చాక వెంటనే కడిగించమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఫిల్ము పూర్తిగా అయ్యేదాకా కెమెరాలోంచి బయటికి తీయడం ఆయన అలవాటు కాదు. మిగిలిన ఫ్రేములు రైతుల పట్టాదారు పాసుపుస్తకాల ఫొటోలకు వాడేవారు. ఇంకా నాలుగో ఐదో ఉన్నాయనగా వెళ్లిపోయారు.

పదోనాడు నా బొట్టు తీసేశారు. తీసిన ఆవిడ ఏడుస్తుంటే నేనే ఓదార్చాను. నా నుదుటిది తీశారు గానీ, అద్దం మీదిది ఎవరూ తీయలేరు. అది నీళ్లకు పోయేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఉమా టీచరుగారు ఫిల్మును కెమెరాలోనే వెనక్కి చుట్టి, మూత తీసి, డబ్బీలో పెట్టి ఇచ్చారు. ఇద్దరం రాజమండ్రి బస్సెక్కాం. నలుగురూ ఏమనుకుంటారోనని మా మరిది నసిగాడు. "అనుకునేవాళ్లని వచ్చి చుక్క పట్టుకోమను" అని బయల్దేరాను. ల్యాబులో ఫిల్ము కడిగే అతను దాన్ని వెలుగుకు పట్టి చూసి చెప్పాడు.

"మొదటిది బానే ఉందండి. తర్వాత రెండూ ఖాళీ అండి. ఆపైన అంతా మనుషులే. ఖాళీవి వదిలేసి మిగతావి ప్రింటు కొట్టేస్తానండి."

టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఖాళీ కాదు బాబూ, అది ఆకాశం. సరిగ్గా చూడు" అన్నాను.

అతను మళ్లీ చూశాడు. "నల్లగా చుక్కచుక్కలు ఉన్నాయండి, దుమ్మనుకున్నాను. చుట్టూ మరకలాగా కూడా ఏదో ఉందండి."

"ఆ మరక కోసమే తొమ్మిదేళ్లు తిరిగాం. మొదటి ఫొటో కొలత పట్టుకుని కొయ్యి నాయనా. ఆ మనిషి అందుకోసమే నిలబడ్డారు."

అతను ఆ మాటతో కత్తెర కింద పెట్టి, కొలత పెట్టుకుని, చాలా జాగ్రత్తగా కోశాడు. అతనికి నా కృతజ్ఞతలు. గంట ఆగి ప్రింట్లు ఇచ్చాడు. టీచరుగారు పొగ కోసం చూశారు, నేను చుక్కలు చూశాను. గుండ్రంగా ఉన్నాయి. నాలుగూ, వాటి వెనక సన్నవీ, అన్నీ కుంకుమబొట్టంత గుండ్రంగా. అప్పుడు పొగ చూశాను. ఉంది. దువ్విన జుట్టులా పాయలు పాయలుగా, లేత నీలంగా, ఆ చుక్కల్ని ఒడిలో పెట్టుకున్నట్టుగా ఉంది. రెండో ప్రింటులోనూ ఉంది. టీచరుగారు ఏడ్చేశారు. నేను ఏడవలేదు. "జారలేదండీ" అని ఆయనతో పైకే చెప్పాను. ల్యాబతను మా వైపు చూసి లోపలికి వెళ్లిపోయాడు.

పాసుపుస్తకాల రైతుల ఫొటోలు ఎవరివి వాళ్లకు అందించాం. మొదటి ఫొటో పెద్దది చేయించి ఇంటికి తెచ్చాను. ఆయనది లోకంలో ఉన్న ఒకే ఒక్క ఫొటో అది. శేషగిరి చూసి తల గోక్కున్నాడు.

"వదినా, అన్నయ్య నోరు తెరుచుకుని ఉన్నాడు. దీనికి దండేస్తే బాగుంటుందా? ఇప్పుడు కంప్యూటర్లో నోరు మూయించి ఇస్తున్నారంట."

"ముప్పై ఏళ్లు నేనే మూయించలేకపోయాను. కంప్యూటరేం మూయిస్తుంది?"

ఏడ్చి ఏడ్చి ఉన్న ఇంట్లో వాడు మొదటిసారి నవ్వాడు. వాడే వెళ్లి దండ తెచ్చాడు.

టెలిస్కోపును ఏదైనా హాల్లో అద్దాల బీరువాలో పెడితే ఆయన పేరు నిలుస్తుందని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. వాళ్ల మంచి మనసుకు దణ్ణం. కానీ గంగాళాన్ని బీరువాలో పెడితే దాంట్లో ఏం పడుతుంది? అది పాకలోనే ఉంటుంది. బిగించడానికి ఉమా టీచరుగారు ఉన్నారు, చుక్కను పట్టుకోవడానికి నేనున్నాను. నా చెయ్యి ఇంకా వణకడం లేదు. మీలో నేర్చుకోవాలని ఉన్నవాళ్లు రావచ్చు. ముందు డ్రమ్ము చుట్టూ నాలుగు చుట్లు తిరగాలి, అంతే.

ఆయన లాంటి మనిషి మళ్లీ పుట్టడు. ఆ ఉత్సాహం, ఆ సహనం, ఎదుటివాళ్ల తప్పులోంచి కూడా పనికొచ్చేది వెతికి తీసే ఆ చల్లని చూపు, వాటితో నిండి ఉన్న ఈ ఇల్లు ఇప్పుడు బోసిపోయింది. ఆ లోటు ఎవరూ పూడ్చలేనిది. స్టూడియోలో తోకల ఫొటో ఎక్కడుందో అక్కడే ఉంచి, దాని పక్కన నీలిపొగ ఫొటో పెట్టాను. మధ్యలో ఆయన. చొక్కా గుండీ ఒకటి ఊడి, ఒక చెయ్యి టెలిస్కోపు మీద వేసి, నోరు తెరిచి ఏదో చెబుతున్నారు. చూసినవాళ్లందరూ ఏమంటున్నారని అడుగుతున్నారు. అది నాకొక్కదానికే తెలుసు. ఊపిరి బిగబట్టు సత్యవతీ, ఇప్పుడే కాదు, నేను చెప్పాక నొక్కు అంటున్నారు.

చెప్పేదాకా నేను ఆగలేదు. మంచి పని చేశాను.